నోరు మూసుకుని కోసిన ఆకు

నాంచారమ్మ నోరు మూసుకుందంటే మా ఊళ్ళో ఏదో ఒక జీవానికి నట్టలు పట్టాయని అర్థం. గొర్రెలు, మేకల పేగుల్లో చేరి రక్తం పీల్చే పాములను మేం నట్టలంటాం.

మామూలు రోజుల్లో ఆవిడ గొంతు మూడు వీధుల అవతలికి వినపడుతుంది. మిరప కోతకు కూలీలను కేకేయాలన్నా, కుళాయి దగ్గర తన బిందె జరిపినవాళ్ళను తిట్టిపోయాలన్నా ఆవిడకు మైకు అక్కర్లేదు. అలాంటి మనిషి తెల్లవారకముందే గడప దాటి, నోటి మీద వేలు పెట్టుకుని పొలాలవైపు నడిచిందంటే ఎదురుపడ్డవాడు ఎవడైనా సరే పక్కకు తప్పుకోవాలి. పలకరించకూడదు. మందాకు కోసుకుని తిరిగి గడపలో అడుగుపెట్టేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడదు, ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే మందు చెడుతుంది. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఇన్నేళ్ళూ ఎవరూ కాదనలేదు.

నా పేరు వీరాంజనేయులు. ప్రత్తిపాడుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా కాంపౌండర్ని. మా ఉద్యోగానికి ఈమధ్య ఏదో పొడుగాటి పేరు పెట్టారు గానీ ఆ పేరుతో నన్ను పిలిచే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు. నాంచారమ్మ మాత్రం 'సూదల్లుడు' అంటుంది. వరసకు నాకు అత్త. నలుగురిలో కనపడితే చాలు, "ఏం సూదల్లుడూ, ఇయ్యాల ఎన్ని జీవాల్ని పొడిచావు?" అని అరుస్తుంది. నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టేవాణ్ణి.

ముందే చెబుతున్నాను, ఆవిడంటే నాకు పడేది కాదు.

పదహారో ఏట కాకుమాను వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. మొగుడు పొగాకు బేళ్ళ బండి తోలేవాడు, పోయి చాలా కాలమైంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇప్పటికీ మిరపకాయల కోతకు వెళ్తుంది. సాయంత్రానికి వేళ్ళు మండిపోతుంటే కుండలో మజ్జిగ పోసుకుని రెండు చేతులూ అందులో ముంచుకుని కూర్చుంటుంది. ఆ చేతులకే పేరు. ఆవిడ అత్త వెంకటేశ్వరమ్మ చనిపోయే ముందు కూతుళ్ళిద్దరినీ బయటికి పంపి, కోడల్ని దగ్గరికి పిలిచి నట్టల మందాకు పేరు చెవిలో చెప్పిందట. "కూతురు పరాయి ఊరికి పట్టుకుపోద్ది. కోడలైతే ఈ ఊరి జీవాలకే పనికొచ్చుద్ది" అన్నదట. షరతులు కూడా చెప్పింది. ఆకు సూర్యుడు పొడవకముందు కోయాలి. ఇనుము తగలకూడదు. నీళ్ళతో కడగకూడదు. తన చెయ్యి ఇక కదలదు అనుకున్నాకే ఆకు పేరు ఇంకొకరికి చెప్పాలి, అదీ ఒక్కరికే. ఈలోగా నోరు జారితే చేతి గుణం పోతుంది. నాంచారమ్మకు ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి కోడలు లేదు. ఎవరికి చెప్పాలో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.

ఆకును కల్వంలో మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి, వెదురు గొట్టంతో జీవం గొంతులో పోసేది. అందుకు ప్రతిఫలం ఒక చెంబు మజ్జిగ, అంతే. "నా దగ్గరికొచ్చేవాడు చెంబు తెస్తాడు. సూదల్లుడి దగ్గరికొచ్చేవాడు తాడు తెస్తాడు, కట్టేసి పొడిపించుకోటానికి" అని నా ఆసుపత్రి అరుగు ముందే నిలబడి అనేది.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ళ కిందట, ఊళ్ళో గొర్రెలు, మేకలు కాచుకునే మాలకొండయ్య మేకలకు ఆవిడ మందు పోసినప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాను. మందు పోయకముందు వాటి పెంటికలు ఏరుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. పది రోజుల తర్వాత మళ్ళీ ఏరుకొచ్చి చూశాను. మొదటిసారి గాజుపలక నిండా నట్టల గుడ్లు ఆవాలు చల్లినట్టున్నాయి. రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ లెక్క ఒక చీటీ మీద రాసి, మడిచి, పాత రిజిస్టర్లో పెట్టాను. ఆవిడకు చెప్పలేదు, డాక్టరు గారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, కుళ్ళు. ఇంకో మాట లేదు.

నిరుడు కార్తీకంలో వానలు విడవకుండా పట్టుకున్నాయి. చేలల్లో నీళ్ళు నిలిచాయి, గడ్డి మీద నట్టల పిల్లలు పెరిగాయి. మాలకొండయ్య మందలో గొర్రెలు ఒక్కొక్కటే నీరసించాయి. అతనికున్న జీవనాధారం ఆ యాభై జీవాలే. రాత్రిళ్ళు రైతుల చేలల్లో మంద కట్టి ఎరువు ఇస్తాడు, పగలు కోసిన చేలల్లో మేపుకుంటాడు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టుంది. కొన్నింటికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. నేను సర్కారు నట్టల మందు తాగించాను. నెలకు మళ్ళీ తాగించాను. లాభం లేదు. రెండేళ్ళుగా బరువు చూడకుండా, పెద్దదానికీ చిన్నదానికీ ఒకటే కొలతతో, అదే మందు పోస్తూ వచ్చాను. నట్టలు దానికి అలవాటు పడిపోయాయి. ఆ తప్పు నాదే. వేరే రకం మందు కావాలని పైకి రాశాం, అది రాలేదు.

"నీ మందు నీళ్ళు తాగినట్టు తాగుతున్నయ్యయ్యా" అన్నాడు మాలకొండయ్య, కోపంగా కూడా కాదు. ఆ మాట అనేసి నేరుగా నాంచారమ్మ ఇంటికి వెళ్ళాడు.

రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"కాంపౌండరు గారూ, తొందరగా రండి. మందు పోసిన జీవాలన్నీ పడిపోతన్నయ్యి."

మందు పెట్టె బండికి కట్టుకుని వెళ్ళేసరికి, కోసిన వరి చేలో మంద రెండు భాగాలుగా ఉంది. ఓ పక్క ముప్పై పైచిలుకు గొర్రెలు మామూలుగా నెమరేస్తున్నాయి. ఇంకో పక్క పద్నాలుగు. బాగా నీరసించినవని ఆ పద్నాలుగింటికే ముందుగా మందు పోశారు. ఒకటి అప్పటికే కాళ్ళు చాచేసింది. మిగతావి నోటి నుంచి చొంగ కారుస్తూ, ఒళ్ళంతా అదురుతూ, నిలబడబోయి ముందుకు తూలుతున్నాయి. పారుడు ఆగకుండా పోతోంది. ఒకదాని తల పట్టుకుని కన్ను చూశాను. నల్లగుడ్డు సన్నని గీతలా బిగుసుకుపోయి ఉంది.

నాంచారమ్మ వాటి మధ్యలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఓ గొర్రె తల. పక్కన ఖాళీ ముంత, వెదురు గొట్టం. నన్ను చూడగానే, "నేను మాట్లాడలా" అంది. "గడప దాటిన కాడ్నించి ఒక్క మాట మాట్లాడలా. మిరప చేను వెంకయ్య కనపడ్డా మాట్లాడలా. కడగలా. కత్తి పెట్టలా. ఏ తప్పూ చెయ్యలా అల్లుడూ."

అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా డాక్టర్ సాజిదా గారికి ఫోను చేశాను. ఆవిడ ప్రత్తిపాడు నుంచి బయల్దేరుతున్నానన్నారు. "పురుగుమందు లక్షణాల్లాగే ఉన్నాయి. కానీ వీరాంజనేయులు గారూ, ఏం తాగించారో తెలుసుకోకుండా సూది వెయ్యొద్దు. ఆకులోనే ఇంకేదైనా విషం ఉంటే ఆ సూదికి పొట్ట కదలిక ఆగిపోతుంది, ఉన్న ప్రాణం కూడా పోతుంది. ముందు ఆకేంటో కనుక్కోండి. ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

ఫోను పెట్టేసి నాంచారమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను.

"అత్తా, ఏం ఆకు పోశావు?"

ఆవిడ ఒళ్ళోని గొర్రె చెవి నిమురుతూ ఉండిపోయింది.

"అత్తా, చెప్పు. నా దగ్గర సూది ఉంది. ఏ విషమో తెలిస్తేనే వెయ్యాలి. తెలియకుండా వేస్తే నేనే చంపినవాణ్ణవుతా."

"నా ఆకుతో యాభై ఏళ్ళలో ఒక్క జీవం పోలా."

"నిన్నటిదాకా పోలేదు. ఇయ్యాల పోతన్నయ్యి!" నేను అరిచేశాను. ముప్పై ఏళ్ళ కోపం ఆ అరుపులో ఉంది, అబద్ధమెందుకు. "పేరు దాచుకుని ఏం చేసుకుంటావు? చూడు, ఆ బొల్లిదాని ఊపిరి చూడు!"

బొల్లిది అంటే మంద ముందు నడిచే తెల్లమొహం గొర్రె. చూడి మీద ఉంది. అది మెడ చాచి గురకపెడుతోంది. మాలకొండయ్య దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చొంగ తుడుస్తున్నాడు. అరుపు విని పక్క చేల నుంచి నలుగురైదుగురు చేరారు.

"అక్కా" అన్నాడు మాలకొండయ్య. "నేను నిన్నేం అననక్కా. పోయినయ్యి పోనీ. ఉన్నయ్యన్నా ఉంటయ్యేమో, చెప్పక్కా."

"చెబితే చెయ్యి పోద్దిరా" అంది నాంచారమ్మ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇయ్యాల ఈ పద్నాలుగు. నా చెయ్యి పోతే రేపు ఊళ్ళో మిగతా జీవాలన్నిటికీ దిక్కెవరు? ఈ సూదల్లుడి మందు పన్జేయట్లేదనే గదా నా కాడికొచ్చావు."

ఆవిడ పంతానికి కాదు, భయానికి మాట్లాడటం లేదని నాకప్పుడు అర్థమైంది. అర్థమైనా ఏం చేయను? రెండో గొర్రె పక్కకు ఒరిగి కాళ్ళు కొట్టుకుంది. మాలకొండయ్య లేచి వెళ్ళేలోపే అది కదలడం మానేసింది.

నాంచారమ్మ దాన్ని చూసింది. ఒళ్ళో ఉన్న తలను నెమ్మదిగా నేల మీద పెట్టి లేచి నిలబడింది. ఆకు పేరు నా ఒక్కడి చెవిలో చెబుతుందేమోనని తల వంచాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. అందరికీ వినపడేట్టు, తన మామూలు గొంతుతో, "గాడిదగడపాకు" అంది.

గాడిదగడపాకంటే మా నల్లరేగడి గట్ల మీద నేలకు పాకే చేదు మొక్క. గొడ్డు కూడా ముట్టదు. పత్తి చేలో కలుపు తీసేటప్పుడు పీకి పారేస్తాం. ముప్పై ఏళ్ళుగా నేను దాన్ని తొక్కుకుంటూ తిరుగుతున్నాను.

"మన గాడిదగడపాకా?" అన్నాడు ఎవరో వెనక నుంచి.

ఆ ఆకు మోతాదు మించితే విషమేనని నాకు తెలుసు. "ఎంత పోశావు?"

"ఎప్పుడూ పోసేదే. జీవానికి నా పిడికిట్లో సగం ఆకు. పిల్లలకైతే చిటికెడు."

చేదు ఆకు తిన్న జీవానికి కన్ను అట్లా గీతలా బిగుసుకోదు. "ఎక్కడ కోశావు?"

"వెంకయ్య మిరప చేను గట్టు మీద. మోటారు కాడ."

వెంకయ్యకు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. ఆ ఏడాది మిరపకు నల్ల తామర పురుగు పట్టి రైతులు మూడు రోజులకోసారి మందు కొడుతున్నారు. ఊరి గాలంతా అదే వాసన, అన్నం ముద్దలో కూడా అదే వాసన. ఆకు మీద వేరేగా వాసన తెలిసే రోజులు కావు. మూడోసారికి ఎత్తాడు.

"వెంకయ్యా, మోటారు దగ్గర గట్టు మీద ఏమన్నా పడిందా?"

"వస్తన్నా" అన్నాడు, పెట్టేశాడు.

అయిదు నిమిషాల్లో బండి మీద వచ్చాడు. చేతిలో రెండు ఖాళీ డబ్బాలు. పడి ఉన్న గొర్రెలను చూసి బండి స్టాండు వేయడం మరిచిపోయాడు, బండి అట్లాగే పక్కకు పడిపోయింది. నేను డబ్బాలు లాక్కుని చీటీ చదివాను. ఒకదాని మీద ఎర్ర ముక్కోణం, అన్నిటికన్నా తీవ్రమైన విషమని గుర్తు. కింద సన్నటి అక్షరాల్లో, విరుగుడు: అట్రోపిన్. నా పెట్టెలో ఉన్న సూది మందు అదే.

సీసా మూతి పగలగొడుతుండగా వెంకయ్య మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. తనంతట తనే చెప్పాడు.

"నిన్న సాయంత్రం ట్యాంకులో కొంచెం మిగిలితే ఆ గట్టు మీదే పారబోశా. ట్యాంకూ ఆడే కడిగా. పొద్దున్నే మోటారెయ్యటానికొచ్చేసరికి పెద్దమ్మ ఆడే వంగి కోత్తా ఉంది. నేను చూశా. పెద్దమ్మా అని పిలవటానికి నోరు తెరిచా. నా వంక చూసి నోటి మీద యేలు పెట్టింది. మాట్లాడితే మందు చెడుద్దిగా, మాలకొండయ్య జీవాలు పోతయ్యిగా అని ఊరుకున్నా. వద్దు వద్దని చెయ్యి ఊపా. పెద్దమ్మ కూడా చెయ్యెత్తి ఎల్లిపోయింది. ఇంటికి చేరినాక చెబుదామనుకున్నా. ఈలోపు మోటారు కాలింది. దాని ఎనకాల పడి..."

నాంచారమ్మ అతన్ని తిడుతుందని అందరం చూశాం. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు చెయ్యూపితే దీవించమన్నావనుకున్నాన్రా" అంది, అంతే.

నా దగ్గర రెండు సీసాలున్నాయి. పురుగుమందుకు విరుగుడుగా వెయ్యాలంటే మోతాదు ఎక్కువ కావాలి; ఆ రెండూ ఆరింటికి మించి రావు. బతికున్నవి పన్నెండు. డాక్టరు గారు వచ్చేసరికి ఇంకో అరగంట. ఏ ఆరింటికి వెయ్యాలి? మాలకొండయ్యను అడిగితే అతను బొల్లిదాని వైపే చూస్తున్నాడు.

అప్పుడు నాంచారమ్మ కదిలింది. ఒక్కో గొర్రె దగ్గరికీ వెళ్ళి చెవి మొదట్లో చెయ్యి పెట్టి, నాలుక పట్టి చూసి, "దీనికి వెయ్యి" అంటోంది. లేదా ఏమీ అనకుండా దాటిపోతోంది. ఆ చేతి గుణం పోయిందని ఆవిడ నమ్ముతోంది. నేను మాత్రం ఆవిడ వేలు చూపించిన చోటల్లా పొడిచాను. బొల్లిదాని దగ్గర ఆగింది. మాలకొండయ్య తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ దాని నాలుక ముట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసి, లేచి పక్కదాని దగ్గరికి వెళ్ళింది.

"అక్కా!"

"నిలబడదురా. ఆ సూది పక్కదానికేస్తే అదన్నా నిలబడుద్ది."

మాలకొండయ్య బొల్లిదాని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను పక్కదానికి వేశాను.

సూది అందని వాటికి కడుపులో విషాన్ని పట్టి ఉంచేందుకు బొగ్గు పొడి తాగించాలన్నాను. ఇస్త్రీ బండి ఆదాం దగ్గర బొగ్గుల సంచి ఉంటుందని ఎవరో పరుగెత్తారు. "కల్వం తెస్తా, నూరి ఇస్తా" అని నాంచారమ్మ ఇంటివైపు తిరిగింది.

"దాన్ని ముట్టుకోకు అత్తా! దాన్నిండా విషమే!"

ఆవిడ ఆగిపోయింది. కాలిన చెయ్యిని చూసుకున్నట్టు తన అరచేతులు చూసుకుంది. నేను వెంటనే ఆ చేతులు సబ్బుతో కడిగించాను. బొగ్గులను సంచిలోనే రాయితో దంచి, నీళ్ళలో కలిపి, నేను తెచ్చిన గొట్టంతో పోశాం.

డాక్టర్ సాజిదా గారు వచ్చేలోపు బొల్లిది పోయింది. దాని వెనకే ఇంకో రెండు. ఆవిడ తెచ్చిన మందుతో మధ్యాహ్నం దాకా సూదులు వేస్తూనే ఉన్నాం. ఆ పద్నాలుగింటిలో తొమ్మిది నిలబడ్డాయి. నాంచారమ్మ సూది వెయ్యమన్న ఆరూ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకు చెబుదామని చూస్తే ఆవిడ లేదు. ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రమే కల్వాన్ని పెరట్లో ఓ మూల బోర్లించేసిందని తెలిసింది. తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి. ఆవిడ కోతకు వచ్చేది, కోసేది, వెళ్ళిపోయేది. కుళాయి దగ్గర ఎవరు బిందె జరిపినా అడిగేది కాదు. నన్ను సూదల్లుడూ అని ఎవరూ పిలవని ఆ మూడు నెలలు నాకెంత వెలితిగా ఉన్నాయో చెబితే మీరు నవ్వుతారు. వెంకయ్య ఆవిడ ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

పేరు బయటపడ్డాక ఊళ్ళో ప్రతివాడూ వైద్యుడయ్యాడు. కూర మీదకు కొత్తిమీర కోసినట్టు ఎవరికి తోచినంత వాళ్ళు గాడిదగడపాకు కోసుకెళ్ళారు. పై వీధిలో ఓ మేకపిల్లకు గుప్పెడు పోస్తే అది తెల్లారలేదు. పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్టు కాదని వాళ్ళకు చెప్పడానికి నాకే సిగ్గేసింది.

మాఘం వెళ్ళి కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్న రోజుల్లో మాలకొండయ్య మళ్ళీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "మళ్ళీ దవడల కింద నీళ్ళు దిగుతున్నయ్యి" అన్నాడు. పెంటికలు చూశాను. పలక నిండా గుడ్లు. మేం రాసిన కొత్త మందు ఇంకా రాలేదు. "అక్కనడిగా. చెయ్యి పోయిందిరా అంటంది. బతిమాలా. తలుపేసుకుంది."

డాక్టరు గారికి ఫోను చేసి, మూడేళ్ళ కిందటి చీటీ సంగతితో సహా అన్నీ చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ చీటీ నాకు కాదు, నాంచారమ్మ గారికి చూపించండి. ఒప్పుకుంటే మొదట ఒక్క గొర్రెకే పొయ్యనివ్వండి. కొలత ఆవిడదే, తూకం వేసి రాసుకునే పని మీది. నేనూ వస్తాను" అన్నారు.

ఆ సాయంత్రం చీటీ తీసుకుని వెళ్ళాను. నాంచారమ్మ మజ్జిగ కుండలో చేతులు ముంచుకుని కూర్చుని ఉంది. చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. మందుకు ముందు ఎన్ని గుడ్లు, తర్వాత ఎన్ని.

"ఇదెప్పటిది?"

"మూడేళ్ళ కిందటిది."

"మూడేళ్ళ నించీ నీ కాడే ఉందా?"

"ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంక నా దగ్గరికి ఎవరూ రారనుకున్నా అత్తా."

ఆవిడ కుండలోంచి చేతులు తీసి చీర చెంగుకు తుడుచుకుంది. నన్ను తేరిపారచూసింది.

"నన్ను మాట్లాడొద్దని మా అత్త చెప్పింది. నిన్నెవరు మాట్లాడొద్దన్నారయ్యా?"

నేను చీటీ మడిచి ఆవిడ పక్కన పెట్టాను. "పన్జేసేది ఆకేనత్తా, నీ కొలతే. ఆ రెండూ యాడికీ పోలేదు. చెయ్యి పోయిందో లేదో పెంటికలు చెబుతాయి" అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఊరంతా ఉలిక్కిపడి లేచింది.

"ఏరా వెంకయ్యా! ఓరేయ్! మీ గట్టు మీద మందు పడి ఎన్నాళ్ళయిందిరా? నిజం చెప్పు!"

కుక్కలు మొరిగాయి. నేను వీధిలోకి పరుగెత్తాను. నాంచారమ్మ చేల దారిలో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తోంది. దూరంగా మోటారు దగ్గర్నుంచి వెంకయ్య గొంతు వినిపించింది.

"ఈ పక్కకి రామాక పెద్దమ్మా! ఈడంతా కొట్టా! బీడు కాడికి పో, ఆడెవరూ కొట్టలా!"

బీడు పక్కవాణ్ణి కూడా అడిగింది, అతని పక్కవాణ్ణీ అడిగింది. అడిగి, కోసి, మూడు నీళ్ళలో కడిగి, కొత్త కల్వంలో నూరింది. డాక్టరు గారి ఎదుట ఒక్క గొర్రెకు పోసి పొద్దుగూకేదాకా దాని పక్కనే కూర్చుంది. దాని కంటి నల్లగుడ్డు గంటకోసారి చూశాను. మాలకొండయ్య అన్నానికి లేవలేదు. గొర్రెకు ఏమీ కాలేదు. మర్నాడు మిగతా వాటికి పోసింది.

పదో రోజున పెంటికలు పలక మీద పెట్టి, నేను చూసి, ఆవిడను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కన్ను గొట్టానికి ఆనించి చాలాసేపు చూసింది.

"ఏం కనపడట్లేదే!"

"అదే అత్తా. మొన్న నిండా ఉన్నయ్యి. ఇప్పుడు ఎతికితే రెండో మూడో. పన్జేసింది."

బయట అరుగు మీద నుంచి మాలకొండయ్య ఆ మాట విని ఒక్కసారిగా ఏడ్చేశాడు. నేను కూడా నవ్వుతూ ఆవిడ వైపు తిరిగాను, ఇప్పుడు నన్నేదో ఒక మాట అంటుందని. నాంచారమ్మ నవ్వలేదు. మైక్రోస్కోపు దగ్గర్నుంచి మొహం తీసింది గానీ, కంటి మీద చెయ్యి తియ్యలేదు.

"ఊరంతా అరుచుకుంటా పోయి కోశా గదా" అంది. "అయితే ఆ రోజు వెంకయ్యను మాట్లాడనిచ్చినా మందు చెడేది కాదన్నమాట."